నాయిన రెస్ట్‌ల ఉన్నడు, మెల్లగ ఏడువు బిడ్డా

డోర్నకల్‌లో నిద్ర రెండు రకాలు. ఒకటి రైల్వే నిద్ర. దానికి రూలుంది, రిజిస్టరుంది, తేడా వస్తే కొట్లాడటానికి యూనియనుంది. రెండోది ఇంటి నిద్ర. దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు.

ఊరు పెరిగిందే రైలు మీద. నిజాం జమానాలో, 1880ల చివర్లో, సింగరేణి బొగ్గు కోసం వేసిన లైను మమ్మల్ని జంక్షన్‌ని చేసింది. కాజీపేట, విజయవాడల మధ్య తిరిగే బండ్లు ఒకవైపు, మణుగూరు, కొత్తగూడెం దిక్కు నుంచి వచ్చే బొగ్గు గూడ్సు రేకులు ఇంకోవైపు. వరంగల్ జిల్లాలో ఉన్నప్పుడు విన్న హారన్లే 2016లో మహబూబాబాద్ జిల్లాలోకి మారాకా వింటున్నాం. 2023 జనవరి నుంచి సికింద్రాబాద్-విశాఖ వందే భారత్ కూడా ఈ దారినే పోతోంది. మా దగ్గర ఆగదు. హారన్ మాత్రం ఉచితం.

ఈ హారన్లకు మా చిన్నది లేస్తుందేమో అనుకుంటున్నారా? అస్సలు లేవదు. బొగ్గు రేకు పోతుంటే కిటికీ అద్దాలు అదురుతాయి, దాని కనురెప్ప అదరదు. అదే నేను కంచం ముందు కూర్చుని అన్నం గిన్నె మూత తీశానా, ఆ చప్పుడుకు లేచి కూర్చోలేక ఏడుస్తుంది. నాలుగు నెలలు నిండాయి దానికి. కూర్చోవడం ఇంకా రాదు, కూర్చోనివ్వకపోవడం వచ్చేసింది.

ఇంతకీ మా ఆయన లోకో పైలట్. ఆయన నిద్ర కేంద్ర ప్రభుత్వానిది. ఎనిమిది గంటలో, అంతకు మించో డ్యూటీ చేసి హెడ్‌క్వార్టర్‌కు చేరితే 16 గంటల రెస్ట్ ఇవ్వాలని, అంతకంటే తక్కువ డ్యూటీ అయితే 12 గంటలు ఇవ్వాలని రాసిపెట్టి ఉంది. అది ఎవరి దయా కాదు. నిద్ర చాలని మనిషి చేతికి రైలెడు ప్రాణాలు అప్పగించకూడదన్న ఇంగితం. ఆ రెస్ట్ కూడా చాలడం లేదని, వారం రెస్ట్ 30 గంటలకు ఈ 16 కలిపి 46 గంటలు ఇవ్వాలని లోకో పైలట్లు అడుగుతున్నారు. అడగాల్సిందే, నేనూ వాళ్ల పక్షమే. కాకపోతే మా ఆయన ఆ లెక్క చెప్పే సమయానికి నేను పిల్లను భుజాన వేసుకుని వంటింట్లో తిరుగుతూ ఉంటాను కనుక, 16కు 30 కలిపితే ఎంతో రెండుసార్లు చెప్పించుకోవాల్సి వస్తుంది.

ఆయన సైన్ ఆఫ్ చేసి, అంటే డ్యూటీ దిగి, ఇంటికొచ్చాడంటే ఇంట్లో కర్ఫ్యూ. కిటికీలకు దుప్పట్లు కడతాం. కుక్కర్ విజిల్ బంద్. పాలబ్బాయికి కూడా తెలుసు, గేటు చప్పుడు చేయడు. వీధి మొత్తం సహకరిస్తుంది, ఒక్క మనిషి తప్ప. అది నోరు తెరవగానే మా అత్తమ్మ పరుగెత్తుకొస్తుంది. "రాత్రికి వాడు బండెక్కాలె బిడ్డా, దాన్ని జర అటు తీస్కపో." తీసుకుపోతాను. పెరట్లో జామచెట్టు కింద నిలబడి "నాయిన రెస్ట్‌ల ఉన్నడు, మెల్లగ ఏడువు" అని చెబుతాను. చట్టం తెలియని పిల్ల. ఇంకా గట్టిగా ఏడుస్తుంది.

ఫోన్లు లేని రోజుల్లో రైల్వేలో కాల్ బాయ్ అని ఉండేవాడు. అర్ధరాత్రి క్వార్టర్ తలుపు తట్టి, ఏ బండో, ఎన్నింటికో చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. ఆ ఉద్యోగాన్ని మా ఇంట్లో తిరిగి భర్తీ చేశారు. ఒంటిగంటకు కాల్, రెండున్నరకు కాల్, నాలుగింటికి కాల్. సంతకం అడగదు, బట్టల మీద తనే పెట్టిపోతుంది.

ఇంజన్లో విజిలెన్స్ కంట్రోల్ డివైస్ అని ఒకటుంటుందట. లోకో పైలట్ నిమిషం పాటు ఏ మీటా ముట్టకపోతే ముందు లైటు వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ కదలకపోతే బ్రేకులు పడతాయి. మా ఆయన ఈ సంగతి గొప్పగా చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. తొట్టెల ఊపే చెయ్యి ఆగనీ, మా దానికి నిమిషం ఎందుకు? లైటు, బజర్ రెండూ ఒకేసారి.

చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊర్మిళాదేవి కథ చెప్పేది. అన్నావదినలకు కాపలాగా లక్ష్మణుడు పధ్నాలుగేళ్లు మేలుకుంటే, ఆయన వాటా నిద్ర కూడా ఇక్కడ ఊర్మిళే పడుకుందట. పాపం ఊర్మిళ అని అప్పట్లో ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఆ కన్నీళ్లు వాపసు కావాలి. మా ఇంట్లో ఆ ఒప్పందం తిరగబడింది. నా వాటా లక్ష్మణుడు పడుకుంటున్నాడు, అదీ రూల్ ప్రకారం.

ఇక సలహా సంఘం. పగలంతా మా వాకిట్లోనే సమావేశం. "దిష్టి తాకింది, ఉప్పు మిరపకాయలు తిప్పి పొయ్యిల ఎయ్యి" అని ఒకరు. "కడుపుల గాలి, బొడ్డు సుట్టు ఇంగువ పెట్టు" అని ఒకరు. వస కొమ్ము అరగదీయమని ఒకరు, తేనె నాకించమని ఒకరు. ఏడాది నిండని పిల్లకు తేనె పెట్టొద్దని డాక్టర్లు మొత్తుకుంటున్నా తేనె సీసా మాత్రం వస్తూనే ఉంది. మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, మా తల్లిగారింటికి ఫోన్ చేస్తే అమ్మ అంటుంది, "నువ్వు గూడ గిట్లనే సతాయిస్తివి, ఇప్పుడు తెల్సింది గదా." వైద్యం కాదు, పగ తీరడం.

సంఘంలో లెక్క తెలిసిన మనిషి ఆశా అక్క ఒక్కతే. కాన్పయ్యాక 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికొచ్చి బిడ్డ బరువు, వేడి చూసుకుపోవడం ఆమె డ్యూటీ. ఆమె చెప్పింది. "వెల్లకిల పండుకోబెట్టు. దానికి రాత్రేదో పగలేదో ఇంక ఎరుక లేదు, మెల్లమెల్లగ తెలుస్తది." సైన్సు కూడా అదే అంటుంది. పుట్టిన రెండు మూడు నెలల దాకా ఒంట్లో గడియారమే కుదురుకోదు. పెద్దల నిద్ర తొంభై నిమిషాలకో చుట్టు తిరిగితే పసివాళ్లది గంటలోపే తిరుగుతుంది. చుట్టు పూర్తయిన ప్రతిసారీ మెలకువకు దగ్గరగా వస్తారు. నాలుగు నుంచి పదకొండు నెలల పిల్లలకు రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా చిన్నది ఆ గంటలు నికరంగా పూర్తి చేస్తుంది. ఎటొచ్చీ కంకర కొట్టినట్టు ముక్కలు చేసి పడుకుంటుంది. పిల్ల ఆరోగ్యం భేషుగ్గా ఉంది. జబ్బల్లా రోస్టర్‌కే.

ఆ రోస్టర్ జబ్బుకు లోకం పాత రోజుల్నించీ చేస్తున్న వైద్యం ఒక్కటే, పిల్లకు మందు పోయడం. 1851లో ఇంగ్లండులో పుట్టిన గ్రైప్ వాటర్‌లో మొదట్లో సారా కలిపేవారు. అమెరికాలో అమ్మిన మిసెస్ విన్‌స్లో సిరప్‌లో మార్ఫిన్ ఉండేది. బొంబాయి బట్టల మిల్లులకు పోయే తల్లులు పసివాళ్లకు నల్లమందు గోలీలు వేసి షిఫ్టుకు పోయేవాళ్లు. రాక్షసులా వాళ్లు? కాదు, గేటు మూసే వేళకు లోపల ఉండకపోతే కూలి పోతుంది. మిల్లు సైరన్ మారలేదు, షిఫ్టు తగ్గలేదు, పిల్లకు మత్తు పెరిగింది.

మన ప్రభుత్వాలు అంత చెడ్డవేం కాదు. 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఉద్యోగం ఉన్నవాళ్లకు. అదే ఏడు మన రాష్ట్రంలో కాన్పయిన తల్లులకు కేసీఆర్ కిట్ వచ్చింది. అందులో సబ్బు, నూనె, పౌడర్, దోమతెర, పిల్ల పరుపు అన్నీ పెట్టారు. పడుకోవడానికి కావలసిన సామానంతా ఇచ్చారు, పడుకోవడం తప్ప.

మా ఊరి చరిత్రలోనూ ఇదే తంతు. ఊరి పేరు దేశాలు దాటించిన మహానుభావుడు బిషప్ అజరయ్య. ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్‌గా 1912లో డోర్నకల్‌కు నియమితుడయ్యాడు. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్ చూడటానికి ఇప్పటికీ జనం వస్తారు. ఆయన భార్య అన్బు పేరు అడగండి, ఊళ్లో ఎంతమంది చెబుతారో చూద్దాం. ఆ ఇంట్లో పిల్లలను రాత్రిళ్లు ఎవరు జోకొట్టారో శిలాఫలకాల మీద చెక్కరు.

అందుకని నేనూ యూనియన్ పెట్టాను. సభ్యురాలిని ఒక్కదాన్నే, కనుక చీలిక భయం లేదు. డిమాండ్లు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఒకటి, తల్లి డ్యూటీకి కూడా సైన్ ఆన్, సైన్ ఆఫ్ ఉండాలి. రెండు, వరుసగా ఐదు గంటల నిద్ర హక్కు, మధ్యలో కాల్ వస్తే రిలీఫ్ వెళ్లాలి. మూడు, ఆయన రెస్ట్ ఆయనకే, అందులో నిమిషం కోయవద్దు. కానీ రెస్ట్ అయిపోయి డ్యూటీ పడని గంటల్లో క్రికెట్ చూడరాదు, పిల్లను చూడాలి.

మా ఆయన నిలబడి మొత్తం చదివాడు. "మాకే రాసినంత ఇస్తలేరు, నీకెవరిస్తరు?" అన్నాడు. అని, మూడో డిమాండ్ దగ్గర పెన్ను తీసి "ఫైనల్ మ్యాచ్ మినహాయింపు" అని చేర్చి సంతకం పెట్టాడు. చర్చలు సానుకూలంగా ముగిశాయని పత్రికలు రాసేది ఇలాంటి వాటినే కాబోలు.

నాలుగో డిమాండ్ వాకిటి తలుపుకు అంటించాను. సలహా చెప్పదలచినవారు ముందుగా రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఒక డ్యూటీ చేయాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. సంఘం చదివి చెదిరిపోయింది. అత్తమ్మ మాత్రం పోలేదు. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఒంటిగంటకు నాకెట్లగూ నిద్ర పట్టది, ఇటియ్యి పిల్లను. నా కాలంల ఈ కాయితం రాసేటోళ్లు లేకపాయె" అంది. యూనియన్ సభ్యత్వం ఒకటి నుంచి రెండుకు పెరిగింది.