సంజీవనీ వ్యాఖ్య: విరిగిన ప్యాకేజీల ఘట్టం

అవతారిక: మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథ సూరి కాళిదాస కావ్యాలకు రాసిన టీక పేరు సంజీవని. ఈ ఘట్టం జరిగిన మక్తల్‌లో సంజీవని తెచ్చిన ఆంజనేయుడే పడమటి ఆంజనేయుడిగా కొలువై ఉన్నాడు గనుక ఆ పేరు ఇక్కడా చెల్లుతుంది. ఊళ్లో ఒక జిరాక్సు దుకాణం. కంప్యూటర్లో ఉబుంటు 22.04. పాత ప్రింటరు డ్రైవరు 32 బిట్లది. దానికి లిబ్‌కప్స్2 అనే లైబ్రరీ 32 బిట్ల రూపంలో కావాలి. బయట ఆధార్ కాపీలకు జనం నిలబడ్డారు. అప్పుడు ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ పలికినది:

మూలం: ఈ: అనేబుల్ టు కరెక్ట్ ప్రాబ్లమ్స్, యూ హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్.

ప్రతిపదార్థం: ఈ = ఎర్రర్ అను మంగళాచరణము; ప్రాబ్లమ్స్ = చిక్కులను; కరెక్ట్ టు = తీర్చుటకు; అనేబుల్ = నాకు చేతకాదు; యూ = నీవే; బ్రోకెన్ ప్యాకేజెస్ = విరిగిన ప్యాకేజీలను; హెల్డ్ హావ్ = పట్టి ఆపియున్నావు.

తాత్పర్యం: చేతకానిది నాకు, తప్పు నీది.

శంక: "నేనేడ ఆపిన సారూ?" అంటాడు దుకాణదారు. ఆప్ట్-మార్క్ షోహోల్డ్ అని కొడితే ఆపిన ప్యాకేజీల జాబితా ఖాళీ. మరి ఆపినదెవరు?

సమాధానం: ఎవరూ ఆపలేదు. అడిగినవన్నీ ఒక్కచోట కుదరకపోతే చాలు, ఆప్ట్ ఈ చరణమే చదువుతుంది. దీన్ని ఉన్నదున్నట్టు నమ్మినవాడు లేని హోల్డును వెతుకుతూ తెల్లవార్లూ కూర్చుంటాడు. అసలర్థం పై పంక్తుల్లో ఉంటుంది. వాటిని చదివే ఓపిక ఎవరికీ ఉండదు. లిబ్‌కప్స్2:ఐ386 ఎక్కదు అని అక్కడే రాసి ఉంది.

ఎందుకు ఎక్కదు? ఆప్ట్-క్యాష్ పాలసీ లిబ్‌కప్స్2 అని అడగాలి. యంత్రంలో ఉన్న 64 బిట్ల ప్రతి ఉబుంటుది కాదు, ఎవరో ఎప్పుడో తగిలించి మరిచిన పీపీఏ (ఉబుంటుకు బయటి ప్యాకేజీల కొట్టు) నుంచి వచ్చిన కొత్తది. ఇలాంటి లైబ్రరీ 32, 64 రూపాలు కలిసి ఉండాలంటే వెర్షన్ అంకె చివరిదాకా ఒకటే కావాలి. ఆ పీపీఏవారేమో 32 బిట్లది తయారే చేయలేదు. పీపీఏ-పర్జ్ నడిపితే అది ఆ పీపీఏను తీసేసి, 64 బిట్ల ప్రతిని ఉబుంటు వెర్షన్‌కు దించింది. డ్రైవరు మారుమాట లేకుండా ఎక్కింది.

విశేషం: వెర్షన్ల పొంతన కుదర్చడం ఎన్‌పీ-కంప్లీట్ సమస్య, అంటే త్వరగా తీర్చే దారి ఎవరికీ తెలియనిది, అని యూరప్ పరిశోధకులు 2006 నాటి పత్రంలో చూపారు. కాబట్టి చేతకాదనడంలో ఆప్ట్‌ది నిజాయితీయే. పేచీ అంతా 'యూ' దగ్గరే.

అపపాఠం: ఆప్ట్ కింద పనిచేసే డీపీకేజీకి ఫోర్స్ జోడించి బలవంతాన ఎక్కించడం. దీనికి వ్యాఖ్య అనవసరం.

ఉదాహరణం: 2021లో లైనస్ సెబాస్టియన్ అనే యూట్యూబరు పాప్ ఓఎస్‌లో స్టీమ్ ఎక్కించబోయాడు. కీలక ప్యాకేజీలు పోతాయి, సరేనంటే 'యెస్, డూ యాజ్ ఐ సే!' అని టైపు చేయమంది ఆప్ట్. చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం పోయింది. తర్వాతి ఆప్ట్‌లు కీలకమని ముద్రపడిన వాటిని అంత తేలిగ్గా తీయనివ్వవు. ఉబుంటు-డెస్క్‌టాప్‌కు ఆ ముద్ర లేదు. 'విల్ బీ రిమూవ్డ్' కింద దాని పేరు కనబడితే వై నొక్కకుండా ఉండవలసినది దుకాణదారే.