తలుపుల్లేని కాలువకు హారతి

అయ్యా చార్లెస్ రాక్‌వుడ్ గారూ! మీలాంటి సాహసి నీటిపారుదల చరిత్రలోనే అరుదు. కొలరాడో నది యూమా దాటి సముద్రానికి పోతుంటే, దానికి పడమరగా కాలిఫోర్నియాలో సముద్రమట్టానికి 270 అడుగులకు పైగా దిగువన ఒక ఎండిన గుంట పడి ఉంది. నది పైన, నేల కింద. నీరు పల్లమెరుగునని సామెత చెప్పుకుని ఊరుకున్నవాళ్లే అందరూ. మీరు దాని మీద 1896లో ఏకంగా కంపెనీయే పెట్టారు.

భాగస్వామిని ఎంచుకోవడంలోనూ మీ తెలివి గొప్పది. 1900లో వచ్చిన జార్జ్ చాఫీ గారు, కొలరాడో ఎడారి అంటే కొనడానికి ఎవరూ రారని దానికి ఇంపీరియల్ వ్యాలీ అని పేరు పెట్టారు. చుక్క నీరు పారకముందే ఎడారి అనే మాట మాయమైంది. 1901లో నీళ్లు వదిలారు. భూమి ప్రభుత్వానిది. కాలువలో చాలా భాగం మెక్సికో గడ్డ మీదుగా, ఆలమో అనే పాత నదీపాయలోంచి పోయేది. అమ్మడానికి మీ దగ్గరున్నదల్లా నీటి వాటాల కాగితాలు. ఆ కాగితాలను నమ్మి వేలమంది బండ్లు కట్టుకుని వచ్చారంటే, మీ మాటకు ఎంత విలువో చూడండి!

ఒండ్రు మాత్రం మీ మాట వినలేదు. 1904 నాటికి కాలువ మొదటి నాలుగు మైళ్లు పూడిపోయి, పొలాలకు నీరందలేదు. నష్టపరిహారమని రైతులు నిలదీశారు. పూడిక తీయించాలంటే నెలలు పడుతుంది, డబ్బూ లేదు. ఇక్కడే మీ ధైర్యం బయటపడింది. సరిహద్దుకు దిగువన, మెక్సికో వైపు, నది గట్టుకు నేరుగా కోత పెట్టించారు. హెడ్ స్లూయిస్ లేదు. షట్టర్లు లేవు. మెత్తటి ఒండ్రుమట్టిలో దాదాపు 60 అడుగుల వెడల్పు కోత, అంతే. కాలువ గట్టున తిరిగే లస్కరుకైనా గుండె జారే పని అది. మీరేమో యూమా దగ్గరి పాత నీటిమట్టాల లెక్కలు తిరగేసి, చలికాలంలో వరదలు అరుదని తేల్చారు. వేసవి వరద వచ్చేలోగా పూడ్చేద్దామనుకున్నారు. నది మీద మీకున్న నమ్మకం దాని ఒడ్డున తరతరాలుగా బతికినవాళ్లకు కూడా లేదు.

1905 మొదట్లోనే వరద మీద వరద వచ్చింది. కోత కాస్తా గండి అయింది. ఆ ఏడాది తిరక్కముందే నదికి నది దారి మళ్లి సాల్టన్ అనే ఆ ఎండిన గుంటలోకి దిగింది. ఉప్పు తీసే కర్మాగారం మునిగింది. రైలు పట్టాలను మళ్లీ మళ్లీ ఎత్తుకు మార్చారు. మెక్సికాలీ ఊళ్లో చాలా ఇళ్లు కొట్టుకుపోయాయి. టోరెస్ మార్టినెజ్ రిజర్వేషన్‌లోని కవియా జనుల నేలలు నీటి పాలయ్యాయి. వాళ్లు మీ దగ్గర ఒక్క వాటా కూడా కొన్నవారు కారు. కొననివారికీ అడగకుండానే నీళ్లిచ్చిన దాతలు మీరు! చాఫీ గారు 1902లోనే తప్పుకున్నారు కనుక ఈ దానంలో ఆయనకు భాగం లేదు.

గండి పూడ్చే ఖర్చు మీ మీద పడకుండా చూసుకోవడం ఇంకో నేర్పు. మీ కంపెనీకి అప్పిచ్చిన సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ నెత్తిన ఆ పని పడింది. కోకోపా, పీమా, పాపాగో తెగల కూలీలు పనిచేశారు. నదికి అడ్డంగా కట్టిన వంతెనల మీంచి వ్యాగన్ల కొద్దీ రాళ్లు గుమ్మరించారు. 1906 నవంబరులో మూసినది డిసెంబరులో మళ్లీ తెగింది. 1907 ఫిబ్రవరికి గాని గండి పూడలేదు.

మీరు వదిలిన నీరు సాల్టన్ సీ అయింది. పొలాల మురుగునీరే తర్వాత దానికి ఆధారమైంది. ఇప్పుడది కుంచించుకుపోతోంది; బయటపడ్డ అడుగునుంచి లేచే ధూళి చుట్టుపక్కల పిల్లలకు ఊపిరి ఆడనివ్వడం లేదు. ఒక శతాబ్దం దాటినా చేసిన పని చెరగలేదంటే అది మామూలు కీర్తా!

ఒక్క మనవి. మీరు తెచ్చిన రైతులే 1911లో ఓట్లేసి ఇంపీరియల్ ఇరిగేషన్ డిస్ట్రిక్ట్ పెట్టుకున్నారు. 1916లో ఆ కాలువలను డబ్బిచ్చి కొనుక్కున్నారు. లోయను పచ్చగా నిలిపింది వాళ్లు. ఆ మంచిపేరు వాళ్లకే వదిలెయ్యండి.