ఆగ్నేయంలో ఆమ్లం

తెలుగువాడి ఇంట్లో చీపురు కూడా దిక్కు చూసుకోకుండా నిలబడదు. పొయ్యి ఆగ్నేయంలో, బీరువా నైరుతిలో, బోరు ఈశాన్యంలో. ఫ్లాటు కొనేముందు దస్తావేజులు చూసినా చూడకపోయినా, సిద్ధాంతిగారిని మాత్రం కారు పంపించి మరీ పిలిపిస్తాం. ఆయన కంపాస్ పట్టుకుని గదిగదికీ తిరిగి, బాత్రూము తలుపు ఆరంగుళాలు ఇటు జరపమంటే గోడ పగలగొట్టించి జరుపుతాం. అంతా అయ్యాక ఆయన గుమ్మంలో చెప్పులేసుకుంటుండగా ఇల్లాలికి గుర్తొస్తుంది: “ఇన్వర్టర్ ఎక్కడ పెట్టమంటారు గురువుగారూ?”

“కరెంటంటే అగ్నే కదమ్మా. ఆగ్నేయంలో పెట్టించండి.”

ఆగ్నేయంలో అప్పటికే వంటగది ఉంది. వంటగదిలో గ్యాస్ బండ ఉంది. దాని పక్కకు 50 కిలోలు దాటిన ట్యూబులర్ బ్యాటరీ వచ్చి కూర్చుంటుంది. నల్లగా, మొరటుగా ఉంటుంది కాబట్టి వచ్చేపోయేవాళ్ల కంట పడకూడదు. మాడ్యులర్ కిచెన్ వాడు కొలతలు తీసుకుని, ఒక అర కట్టి, దానికి లామినేట్ తలుపు బిగించి, “చీమ కూడా దూరదు మేడమ్” అని హామీ ఇస్తాడు. మనం మురిసిపోతాం.

ఆ పెట్టెలో ఉన్నవి సీసం ప్లేట్లు, వాటిని ముంచుతూ నీళ్లు కలిపిన గంధకామ్లం. ఆ ద్రవంలో బరువును బట్టి చూస్తే సుమారు మూడో వంతు యాసిడే. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచాయన తయారుచేసిన నాటినుంచీ దీని గుణం మారలేదు. ఛార్జింగ్ చివరికొచ్చేసరికి లోపలి నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలై పైకొస్తాయి. మూతలకు సన్నటి రంధ్రాలున్నది అందుకే. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలికంటే తేలిక కనక పైకి పోయి కప్పు కింద చేరుతుంది. కాబట్టి బ్యాటరీ ఉన్నచోట పైభాగాన గాలి బయటికి పోయే దారి ఉండాలి. మన వడ్రంగి సరిగ్గా ఆ దారినే ‘ఫినిషింగ్’ పేరుతో మూసేసి, దానికి విడిగా బిల్లు వేశాడు.

వాయువుకు కూడా పెద్దలు ఒక మూల కేటాయించారు లెండి. అక్కడ మనం చుట్టాల మంచం వేశాం.

వంటగదిలో చోటు చాలనివాళ్లు మెట్ల కింద పెడతారు. మెట్ల కింద ఇంకా ఏముంటాయంటే పాత పేపర్లు, పెయింటు డబ్బాలు, థిన్నర్ సీసా, పిల్లల చెప్పులు, సంక్రాంతికి మిగిలిన గాలిపటాలు, దీపావళికి తడిసి కాలని చిచ్చుబుడ్లు. బ్యాటరీ పైన ఖాళీ ఉంది కదా అని ఒక ఇంట్లో చిన్న పూజా స్టాండు బిగించారు. పైన దీపం, కింద హైడ్రోజన్. దేవుడు ఆ ఇంటిని కాపాడుతున్న మాట నిజం. ఎన్నాళ్లు ఓపిక పడతాడో ఆయన్నే అడగాలి.

‘మాది సీల్డ్ బ్యాటరీ అండీ, మాకా గొడవ లేదు’ అనేవాళ్లు ఉంటారు. దానికీ ఒక వాల్వ్ ఉంటుంది. అతిగా ఛార్జ్ అయితే అదీ తెరుచుకుంటుంది. ఛార్జర్ చెడి బ్యాటరీ ఉబ్బి, పొట్ట కాలి పొగలు పోయే దశకొచ్చాక అందులోంచి ఇంకో వాయువు వస్తుంది. అచ్చం కుళ్లిన కోడిగుడ్డు వాసన. పేరు హైడ్రోజన్ సల్ఫైడ్, స్వభావం విషం. ఆ వాసన వచ్చినప్పుడు చేయాల్సింది కిటికీలు తీసి, ఛార్జింగ్ ఆపించి, మనుషుల్ని దూరంగా పంపడం. శాకాహారుల అపార్ట్‌మెంటులో మాత్రం మొదట జరిగేది అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు: “మూడో ఫ్లోర్లో అద్దెకున్న కుర్రాళ్లు మళ్లీ ఆమ్లెట్లు వేస్తున్నారు. ఓనరుగారు దయచేసి గమనించగలరు.”

అసలు దీనికి మనం భయపడకపోవడానికి కారణం ఒక్కటే. ఇది షాక్ కొట్టదు. 12 వోల్టులు. రెండు టెర్మినళ్లూ పొడి చేతులతో పట్టుకున్నా ఏమీ కాదు. కొట్టనిదాన్ని లెక్కచేయకపోవడం మనకు పుట్టుకతో వచ్చిన నీతి, ఆఫీసులోనైనా ఇంట్లోనైనా. కానీ ఆ రెండు టెర్మినళ్ల మధ్య ఇనుప స్పానర్ అడ్డంగా పడితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి. స్పానర్ ఎర్రబడుతుంది. అదే దారిలో చేతి ఉంగరం పడితే ఉంగరం ఎర్రబడుతుంది, వేలు లోపలుండగానే. అందుకే తెలిసిన మెకానిక్ ముందు ఉంగరం, వాచీ, కడియం తీసి జేబులో వేసుకుంటాడు. మైనస్ తీగ ముందు విప్పి, బిగించేటప్పుడు చివర బిగిస్తాడు. కళ్లద్దాలు పెట్టుకుంటాడు. ఇలాంటివాడు మనకు నచ్చడు. “ఇంత చిన్నపనికి ఇంత షో ఎందుకయ్యా” అంటాం.

మనకు నచ్చేవాడు ఇంకొకడున్నాడు. వస్తూనే మూత తెరిచి, తీగ ఊడబీకి, టెర్మినల్‌కు టక్కున తాకించి నిప్పురవ్వలు రాలుస్తాడు. “స్పార్క్ మస్తుగుంది సార్, బ్యాటరీ బానే ఉంది.” హైడ్రోజన్ నిండిన అరలో తల పెట్టి నిప్పు రాజేసి పరీక్షించిన ఆ ధీరుడికి యాభై రూపాయలు ఎక్కువిస్తాం. నీళ్లు ఎంతున్నాయో చూడ్డానికి లైటర్ వెలిగించేవాడు ఆయనకు గురువు.

నీళ్లన్నాక నీళ్ల గురించి చెప్పుకోవాలి. ఒక సంభాషణ.

“డిస్టిల్డ్ వాటరే పోస్తున్నారా సార్?”

“డిస్టిల్డ్ ఎందుకు బాబూ, ఏసీ కారుతుంది కదా, ఆ నీళ్లే పట్టి పోస్తున్నాం. అదీ డిస్టిల్డే. యూట్యూబ్‌లో చూశాను.”

“ఏసీ ఆపేసే రోజుల్లో?”

“అప్పుడు ఆర్‌ఓ. మేం తాగేదే పోస్తున్నామయ్యా! దానికి తక్కువ చేశామా?”

చేయలేదు. అదే చిక్కు. మనం తాగే నీళ్లలో ఉండే లవణాలు మన ఒంటికి మంచివి, ప్లేట్లకు చేటు. ఏసీ కాయిల్ మీదుగా జారిన నీరు దుమ్మునూ లోహపు అణువుల్నీ వెంట తెచ్చుకుంటుంది. ఇంకో మహానుభావుడు సీసాలో యాసిడే తెచ్చి పోస్తాడు. “బ్యాటరీ డల్లయింది, కొంచెం యాసిడ్ కొడితే కొత్తదైపోద్ది.” బ్యాటరీలో తగ్గేది నీరు. యాసిడ్ ఎక్కడికీ పోదు. తగ్గిన నీటికి బదులు యాసిడ్ పోసుకుంటూ పోతే ప్లేట్లను అది తినేస్తుంది. ఫుల్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచితే 1.250 అటూఇటూ చూపించాలి, సంగతి అక్కడ తెలుస్తుంది. అయితే హైడ్రోమీటర్ కొనం. దాని ఖరీదు ఒక సినిమా పాప్‌కార్న్ అంత.

గుర్తు వరకు పోయాలని మూత దగ్గర తేలే బిళ్ల మీద గీత ఉంటుంది. అయినా మనది పెట్టే చెయ్యి కదా, పొంగేదాకా పోస్తాం. ఛార్జింగ్ కాకముందే పోస్తాం. బుడగలొచ్చి పైకి పొంగిన యాసిడ్ గచ్చు మీదికి దిగుతుంది. పనమ్మాయి తడిగుడ్డతో తుడుస్తుంది, ఆ చేత్తోనే కొంగు దోపుకుంటుంది. ఆ నేత చీర ఉతికిన నాడు చిల్లులు బయటపడతాయి. “ఎలుకలు కొరికాయేమో చూసుకో” అని ఇల్లాలు సలహా ఇస్తుంది. వంటగదిలో పకోడీల కోసం ఉంచిన తినేసోడా గుప్పెడు చల్లితే ఆ యాసిడ్ అక్కడికక్కడే విరిగిపోయేది. కంట్లో పడితే మాత్రం సోడా కాదు, నిమ్మకాయ కాదు, పాలు కాదు, అమ్మమ్మ చెప్పిన ఇంకేదీ కాదు. కనీసం 15 నిమిషాలు పంపు కింద కన్ను తెరిచి ధారగా నీళ్లు, ఆ వెంటనే డాక్టరు. ఈ ముక్క తెలుగులో పెద్దక్షరాలతో బ్యాటరీ పెట్టె పైన అంటించినవాళ్లు నాకింతవరకు కనబడలేదు. ‘శుభం లాభం’ స్టిక్కరు అంటించినవాళ్లు కనబడ్డారు.

ఇక అమెరికా ప్రయాణం. అమ్మాయి పురుడుకని డాలస్‌కు ఆర్నెల్లు. బయల్దేరేముందు తులసికోట పక్కింటికి అప్పగిస్తారు, ఫ్రిజ్ ఖాళీ చేస్తారు, మంచి పని చేశామనుకుని మెయిన్ కట్టేస్తారు. బ్యాటరీని ఎవరూ తలచుకోరు. ఛార్జింగ్ లేకుండా పడున్న బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది. దిగిపోయినది అలాగే ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఎండాకాలంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుందని ఆ రంగంలో వాళ్ల లెక్క, రామగుండంలోనో రెంటచింతలలోనో పై అంతస్తు రేకుల గదిలో పెట్టినవాళ్లు ఆ లెక్క వేసుకోవచ్చు. పూర్తిగా ఛార్జ్ చేసి, తీగలు విప్పి, నీడపట్టున పెట్టి, రెండు మూడు నెలలకొకసారి ఎవరిచేతనైనా ఛార్జ్ పెట్టించి ఉంటే బతికేది. తిరిగొచ్చాక కంపెనీని తిడతారు.

అపార్ట్‌మెంట్లలో ఇంకో గది ఉంది. లిఫ్టు ఆగిపోకుండా, సెల్లార్లో దీపాలు ఆరిపోకుండా కాపు కాసే బ్యాటరీలన్నీ ఒక ఇనుప ర్యాకులో పేర్చి ఉంటాయి. ఎక్కడ? కార్ల పక్కన పెడితే పార్కింగు పోతుంది. క్లబ్‌హౌసులో పెడితే వాసన. బిల్డరు ముందుచూపున్నవాడు కనక వాచ్‌మన్ గదిలో పెట్టాడు. పదడుగుల గది, ఒక వెంటిలేటరు. దానికి కూడా దోమలొస్తున్నాయని అట్టముక్క అడ్డం పెట్టారు. ఒక గోడకు ర్యాకు, ఇంకో గోడకు వాచ్‌మన్, భార్య, ఇద్దరు పిల్లలు, ఒక కిరోసిన్ స్టవ్. ర్యాకు తీగల మీద పిల్లల స్కూలు యూనిఫాం ఆరేసి ఉంటుంది. వినాయక చవితి చందా మీద రెండు గంటలు వాదించుకునే జనరల్ బాడీలో ఒక పెద్దమనిషి ఈ సంగతి లేవనెత్తితే సెక్రటరీగారు సర్దిచెప్పారు: “వాళ్లకలవాటే సార్.”

బ్యాటరీలు చేయడంలో తెలుగువాళ్లం ఎవరికీ తీసిపోలేదు. తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా వాళ్లు చేసే బ్యాటరీలు దేశదేశాలకు పోతున్నాయి. చేయడం వచ్చు, కొనడం వచ్చు. చచ్చిపోయాక ఏం చేయాలన్నదే మన చేతికి రాలేదు.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. వాడేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీని డీలరుకు తిరిగి ఇచ్చేయాలని 2001లోనే నిబంధన వచ్చింది. 2022లో కొత్త నియమాలొచ్చాయి. తయారీదారే బాధ్యత తీసుకోవాలి, మనం చెత్తతో కలపకుండా సేకరించేవాళ్లకు అప్పగించాలి. బ్యాటరీ మీద కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ కూడా వేస్తారు. చదువు రానివాళ్లకు అర్థం కావాలని వేసిన బొమ్మ అది. చదువుకున్నవాళ్ల సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఆదివారం పొద్దున తోపుడుబండి మీద మైకు: “పాత ఇనప సామాన్లు, పాత బ్యాటరీలు కొంటాం.” షాపువాడు ఎక్స్ఛేంజ్‌లో ఇస్తానన్నదానికి బండివాడు మూడొందలు ఎక్కువిస్తానంటాడు. రసీదు ఉండదు, జీఎస్టీ ఉండదు.

“నీళ్లు తీసేసి తూకం సార్.”

నీళ్లంటే యాసిడ్. గేటెడ్ కమ్యూనిటీలో కోటిన్నర విల్లా యజమాని, లాల్చీ చేతులు మడిచి, తానే ఓ చెయ్యి వేసి బ్యాటరీని ఒరగదీసి వరదనీటి కాలువలోకి వంచుతాడు. సిమెంటు బుస్సుమని నురగలు కక్కుతుంది. ఆ పక్కనే ‘మొక్కలు నాటండి, నీటిని కాపాడండి’ బోర్డు, ఆయన పేరు మీదే.

బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసం. సరైన కర్మాగారానికి పోతే దాదాపు అంతా మళ్లీ కొత్త బ్యాటరీ అవుతుంది, ఎన్నిసార్లు కరిగించినా సీసం సీసమే. బండివాడి చేతిలో పడ్డది మాత్రం ఊరవతల షెడ్డుకు పోతుంది. గొడ్డలితో పగలగొట్టి, బాండీలో కరిగించి, కడ్డీలు పోస్తారు. పొగ, బూడిద ఊరి మీదకు. సెనెగల్ రాజధాని డకార్ శివార్లలో థియరోయ్ సుర్ మెర్ అనే పేటలో జనం ఇదే పని చేసుకుని బతికేవాళ్లు, మట్టిని జల్లించి సీసం ఏరి అమ్మేవాళ్లు. 2007 నవంబరు, 2008 మార్చి మధ్య అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. చంపకపోయినా సీసం పిల్లల బుర్రనే ముందు పట్టుకుంటుంది. ఇంత వరకైతే ఫరవాలేదని చెప్పగలిగిన మోతాదే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి సీసం ఉందని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ 2020లో అంచనా కట్టాయి. అందులో 27 కోట్లకు పైగా మన దేశపు పిల్లలే. వీళ్లకు మార్కులెందుకు రావడం లేదో కనుక్కోడానికి మనం కోచింగ్ సెంటర్లు పెట్టాం.

ఆ షెడ్డు బూడిద గాలికి లేచి పక్క మళ్ల మీద పడుతుంది. ఆ మళ్లలో తోటకూర, పాలకూర పెరుగుతాయి. తెల్లారేసరికి ఆటోలో మన కాలనీకి వస్తాయి. పైన పడ్డ దుమ్ము ఉప్పునీళ్లలో కడిగితే పోతుందనుకుందాం, వేరు పీల్చుకున్న సీసం దేనికీ పోదు. మూడొందలు లాభం చేసుకున్న విల్లా యజమాని గేటు దగ్గర కట్ట చేతిలోకి తీసుకుని అటూఇటూ తిప్పి చూస్తున్నాడు.

“కట్ట పదిహేనా? పదికిచ్చుకోమ్మా. ఆకులు కూడా సరిగ్గా లేవు.”