నేను మూకుణ్ణి కాను

నా ఒంట్లో ఉన్నవి మూడే. నెత్తిన కాలే తీగచుట్ట, దానిపైన ఒక పంకా, కింద చిల్లుల బుట్ట. తీగ కాలుతుంది, పంకా ఆ వేడిని కిందికి తోస్తుంది, గాలి బుట్ట చుట్టూ తిరిగి మళ్ళీ పైకొస్తుంది. ఇంతే నా విద్య. నూనె పోసుకునే గుంట నాలో ఎక్కడా లేదు. అయినా అట్టపెట్టె మీద నన్ను వేపుడు యంత్రంగానే పరిచయం చేశారు. పక్కన బంగారురంగులో మెరిసిపోతున్న కాలీఫ్లవర్ ముక్కల బొమ్మ ఒకటి. అవి నా బుట్టలోంచి వచ్చినవి కావని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను. అప్పటికి నేనింకా ఆ పెట్టెలోనే ఉన్నాను.

మా వంశం గురించి చెప్పుకోవడానికి కొంచెం ఉంది. వేడిగాలిని పంకాతో తిప్పే పొయ్యిని 1945లో అమెరికాలో విలియం మాక్సన్ అనే ఆయన తెచ్చాడు, విమానాల్లో గడ్డకట్టిన భోజనాలు వెచ్చబెట్టడానికి. నిలిచిన గాలి వేడిని మెల్లగా అందిస్తుంది, కదిలే గాలి త్వరగా అందిస్తుంది, అదీ అందులోని కిటుకు. ఆ కిటుకుని వంటింటి గట్టు మీద పట్టేంత పాత్రలోకి కుదించి, బంగాళాదుంప ముక్కల్ని నూనెలో ముంచకుండా కరకరలాడించాలని నెదర్లాండ్స్‌లో ఫ్రెడ్ వాన్ డర్ వై పట్టుబట్టాడు. ఫిలిప్స్ కంపెనీ దాన్ని 2010లో బెర్లిన్ ప్రదర్శనలో బయటపెట్టింది. అంటే మా పుట్టుకే బంగాళాదుంప కోసం. మిరపకాయ బజ్జీ కోసం కాదు. ఈ సంగతి విజయవాడలో నేను చేరిన ఇంట్లో ఎవరికీ తెలియదు. నా కష్టాలకు మూలం అదే.

ఆ ఇంట్లో ఆరుగురు. తాతగారు, మామ్మగారు, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. తాతగారికి కొలెస్టరాల్ ఎక్కువగా ఉందని డాక్టరు నూనె తగ్గించమన్నాడు. దసరాకి నా మీద తగ్గింపు ప్రకటించారు. ఈ రెండు తగ్గింపులూ కలిసి నన్నా వంటింటి గట్టెక్కించాయి. ఆ సాయంత్రం ముసురు పట్టింది. ముసురు పడితే బెజవాడలో ఏం అడుగుతారో వేరే చెప్పాలా? కోడలు శనగపిండి జారుగా కలిపి, వాము వేసి, మిరపకాయలు ముంచి నా బుట్టలో వరసగా పేర్చింది. మీట తిప్పింది. పిండి చిల్లుల్లోంచి నింపాదిగా కిందికి దిగి అడుగున పరుచుకుంది. పావుగంట తర్వాత తీసి చూస్తే, పైన బట్టల్లేని మిరపకాయలు, కింద కాలిన శనగపిండి రొట్టె.

“అట్టే కావాలనుకుంటే పెనం ఉందిగా అమ్మాయ్” అన్నారు మామ్మగారు.

తప్పు నాదీ కాదు, కోడలిదీ కాదు. కాగిన నూనె 180 డిగ్రీల మీద ఉంటే పిండి తగిలీ తగలగానే పైపొర గట్టిపడిపోతుంది. లోపలి నీరు ఆవిరై బుడగలుగా తన్నుకొస్తుంది. నా గాలీ 180 డిగ్రీలే. కానీ అంకె ఒకటైనంత మాత్రాన వేడి ఒకటి కాదు. అంతే కాకమీద ఉన్న ఓవెన్‌లో చెయ్యిపెట్టి చటుక్కున తీసుకోవచ్చు. నూనెలో వేలు పెట్టే సాహసం ఎవరూ చెయ్యరు. గాలి అందించే వేడి పల్చన. అది పిండిని పట్టుకునేలోపు పిండి కారిపోతుంది. అందుకే జారు పిండితో చేసేవేవీ నా దగ్గర కుదరవు. బజ్జీ, పునుగు, ఉల్లి పకోడీ, ఈ ముగ్గురికీ నేను బద్ధశత్రువుని.

మరి బ్రెడ్ పొడి అద్దిన కూరముక్కలు? అవి నాకు అచ్చొచ్చిన వంట. అక్కడ పైపొర ముందే గట్టిగా, పొడిగా ఉంటుంది. నేను దాన్ని పట్టి నిలబెట్టనక్కర్లేదు, ఎండబెట్టి ఎర్రబరిస్తే చాలు. కాకపోతే మొదటిసారి కోడలు చేసిన కాలీఫ్లవర్ తెల్లగా, విభూతి పూసుకున్నట్టుగా వచ్చింది. లోపల మెత్తన, పైన వట్టి పొడి. పిల్లలు ఒక్కో ముక్క కొరికి కిందపెట్టేశారు. “నూనె చుక్క కూడా వెయ్యలేదు” అని ఆమె గర్వంగా అంటూంటే నేను లోలోపల తల బాదుకున్నాను. ఆ వెయ్యకపోవడమే కదా వచ్చిన చిక్కు! బ్రెడ్ పొడికి నూనె తగిలితేనే నా వేడి దానికి సమంగా అంటుకుంటుంది, రంగు తిరుగుతుంది. రంగు, కమ్మని వాసన, రెండూ పిండిలోని మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి పుట్టించేవి. 1912లో ఫ్రాన్స్ దేశపు లూయీ కమీల్ మాయార్ ఆ చర్యని వివరించాడు. అది జోరందుకోవాలంటే ముక్క పైభాగం 140 డిగ్రీలు దాటాలి. తడి ఉన్నంతసేపూ అది 100 దగ్గరే ఆగిపోతుంది. నీళ్ళన్నీ ఆవిరయ్యాకే పైకి కదులుతుంది.

కరకర అంటే తడి పోవడమే. మూకుడులో ఆ తడిని నూనె బలవంతంగా తరిమేస్తుంది. నా దగ్గరకొచ్చేసరికి సగం పని వంటమనిషి ముందే చేసి పెట్టాలి. నేను చెప్పేదల్లా ఇదే. కానీ నాకు నోరు లేదు, టింగుమనే గంట ఒక్కటే ఉంది.

ఆ మాట నా తరఫున మామ్మగారు అన్నారు. ఒకరోజు నా పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, బుట్ట లాగి చూసి, వేడిగాలి మొహానికి కొట్టగానే వెనక్కి జరిగి, “ఇది వేపుడు కాదే, మిద్దెమీద వడియాల పని. ఎండా గాలీ పెట్టెలో పెట్టారు. వడియాలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎండుతాయా?” అన్నారు. నా గురించి ఇంత సరిగ్గా చెప్పినవారు ఇంకొకరు లేరు. నాతో వచ్చిన చిన్న పుస్తకంలోనూ లేదు.

ఆ రోజు నుంచి పని దారిలో పడింది. కాలీఫ్లవర్ పువ్వుల్ని ఉప్పూ పసుపూ వేసిన వేడినీళ్ళలో రెండు మూడు నిమిషాలుంచితే పురుగూ పోతుంది, ముక్కా సగం మెత్తబడుతుంది. తర్వాత అసలు పని. వాటిని నీళ్ళు ఓడ్చి, పాత పంచె మీద పరిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత ఏం చేసినా దండగే. ఆరిన ముక్కల మీద ముందు పొడి కార్న్‌ఫ్లోర్ చల్లి కుదపాలి. మిగిలిన చెమ్మని అది పీల్చుకుంటుంది, పై పూతకి పట్టు దొరుకుతుంది. రెండో పూతకి ఊళ్ళో చాలామంది కోడిగుడ్డు గిలక్కొడతారు. మామ్మగారి వంటింట్లోకి గుడ్డు రాదు కాబట్టి మైదా, కార్న్‌ఫ్లోర్ చెరిసగం కలిపి, గరిటె వెనక పట్టుకు నిలిచేంత చిక్కగా చేస్తారు. ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, మిరియాలపొడి అన్నీ ఈ పూతలోనే. కారం బ్రెడ్ పొడిలో కలిపితే నా గాలికి ముందు అదే మాడుతుంది, చేదెక్కుతుంది. ఉప్పు ముక్క మీద చాలాముందు చల్లినా నీరు ఊరి పూత ఊడుతుంది.

మూడోది బ్రెడ్ పొడి. నిన్నటి బ్రెడ్డు ముక్కల్ని ఆరబెట్టి బరకగా దంచుకుంటే సరిపోతుంది. రస్కులైనా ఫరవాలేదు, కాస్త తీపి తగులుతుంది. జపాన్ వాళ్ళ పాంకో గొప్పదంటారు, నిజమే. పిండిలోంచే కరెంటు పంపి కాల్చిన, పైపెచ్చు లేని బ్రెడ్డుని తురిమి చేస్తారు దాన్ని. పొడిలా కాక రేకుల్లా ఉంటుంది, రేకుల మధ్య సందుల్లోంచి నా గాలి బాగా ఆడుతుంది. దాని ధర విన్న మామ్మగారు అటుకులు తెప్పించారు. అటుకుల్ని పొడిగా వేయించి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే రేకులు రేకులుగానే ఉంటాయి. వాటిని బ్రెడ్ పొడిలో కలిపారు. ఆ పొడికి రెండు చెంచాల నూనె పట్టించి, మూకుట్లో లేత గోధుమరంగు వచ్చేదాకా వేయించాకే ముక్కలకి అద్దడం. ఎర్రబారే పనిలో సగం అక్కడే అయిపోయింది. ఇక నేను చెయ్యవలసింది చిన్నపని.

అద్దిన ముక్కల్ని వెంటనే నా మీదికి తోలకూడదు. ఫ్రిజ్‌లో ఓ పావుగంట ఉంచితే పూత బిగుస్తుంది. లేకపోతే నా పంకా వదులు పొడిని ఎగరగొట్టి నా తీగచుట్ట మీదే పోస్తుంది. అది మాడితే ఇల్లంతా కంపు, పేరు నాకు. ముందు నన్ను నాలుగైదు నిమిషాలు ఉత్తినే కాగనిచ్చి, ముక్కల్ని ఒకే వరసలో, తగలకుండా పెట్టి, 180 డిగ్రీల మీద పది పన్నెండు నిమిషాలు. మధ్యలో ఒకసారి తిరగెయ్యాలి. చివర రెండు నిమిషాలు 200కి పెంచాలి. తీసిన వెంటనే మూతపెట్టిన గిన్నెలో వేస్తే అంత కష్టమూ ఆవిరికి మెత్తబడుతుంది. జాలీ మీద ఆరనివ్వాలి.

అన్ని కూరలూ నాకు ఒకటి కావు. బేబీకార్న్ బుద్ధిమంతురాలు, చెప్పినట్టు వింటుంది. పుట్టగొడుగు నిలువెల్లా నీళ్ళే, పైన కరకరలాడుతూనే లోపల్నించి చెమరుస్తుంది. అరటికాయని సగం ఉడకబెట్టి తీరాలి. ఇక బెండకాయ ఉందే, అది మహారాణి. నిలువునా చీలిస్తే దాని జిగురే పిండిని పట్టుకుంటుంది. మైదా జావ అక్కర్లేదు. ఉప్పూ కారం, కాస్త శనగపిండి, బియ్యప్పిండి పొడిగా చల్లి, ఒక చెంచా నూనె పట్టిస్తే చాలు. శనగపిండికీ నాకూ రాజీ కుదిరిన చోటు అదొక్కటే.

నా బాధలు కొన్ని చెప్పుకోనివ్వండి. ఇనప పీచుతో నా బుట్టని తోమేస్తారు. అంటుకోని పూత గీతలు పడితే ఆ తర్వాత ప్రతి ముక్కా అంటుకుంటుంది. డబ్బాలోంచి చల్లే వంటనూనె స్ప్రేల్లో చాలావాటికి లెసితిన్ కలుపుతారు. అది వేడికి జిగటగా గడ్డకట్టి పూతని పాడుచేస్తుంది. కుంచెతో మామూలు నూనె రాస్తే ఏ గొడవా లేదు. నన్ను గోడకి ఆనించేస్తారు. నా వీపునుంచి వేడి బయటికి పోవాలి కదా. నా దాహం 1,500 వాట్లు. దానికి సన్న తీగ ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలిస్తే ముందు కాగేది ఆ తీగ. అమెరికా నుంచి సూట్‌కేసులో దిగిన మా చుట్టం పక్క ఫ్లాట్లో ఉండేది. పుట్టింది 120 వోల్టులకి. మన 230లో ప్లగ్గు పెట్టిన రోజే కాలం చేసింది.

పక్క ఫ్లాట్ ఆవిడ “దీన్లో చేస్తే ఎంతైనా తినొచ్చు వదినా” అంటూ ఉంటుంది. మీరు నమ్మకండి. బ్రెడ్ పొడి మైదాయే, పక్కన గిన్నెలో ఉన్న మయోనీస్ దాదాపు నూనే. పిండిపదార్థాలు బాగా ఎర్రబారితే ఆక్రిలమైడ్ అనేది పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అది నూనెలోనూ పుడుతుంది, నా గాలిలోనూ పుడుతుంది. అందుకే బంగారురంగు దగ్గర ఆపండి, గోధుమరంగు దాటి నల్లబడేదాకా ఉంచొద్దు.

నేను చేసే అసలు మేలు వేరే ఉంది. దాన్ని ఎవరూ ప్రకటనల్లో వెయ్యరు. అప్పాలు వేగాక మిగిలిన నూనెని ఇళ్ళల్లో ఏం చేస్తారు? వడకట్టి సీసాలో పోసి, మర్నాడు పోపుకి, ఎల్లుండి పూరీలకి. మళ్ళీ మళ్ళీ కాగిన నూనెలో హానికరమైన పోలార్ పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదన్న నిబంధనని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నుంచి అమల్లో పెట్టింది. బడ్డీకొట్టు మూకుడుని కొలవడానికి మీటరుంది గానీ, మామ్మగారి సీసాని కొలిచేవాళ్ళు లేరు. నేనొచ్చాక ఆ సీసా సగం రోజులు ఖాళీగా ఉంటోంది. తాతగారికి నావల్ల ఒరిగింది అదీ. బెండకాయ ముక్కలు రెండు ఎక్కువ తిన్నా ఆయన్ని ఎవరూ కసరడం లేదు.

నన్ను కొందామనుకునేవారికి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పెట్టె మీద నాలుగు లీటర్లని రాసుంటుంది. ఆ లీటర్లు చూసి మోసపోకండి. బ్రెడ్ పొడి అద్దిన ముక్కలు ఒకే వరసలో పెడితే ఇద్దరికే సరిపోతాయి. ఆరుగురున్న ఇంట్లో మూడు వాయిలు తియ్యాలి, మూడోది దిగేసరికి మొదటిది చల్లారిపోతుంది. ఇద్దరో ముగ్గురో ఉన్న ఇల్లయితే, కూరముక్కల్ని ఆరబెట్టే ఓపిక ఉంటే నన్ను తీసుకెళ్ళండి. అలాకాక మీది పెద్ద కుటుంబమై, ముసురు పట్టగానే బజ్జీలు అడిగేవాళ్ళే ఎక్కువైతే, నా ఖరీదుకి మంచి ఇనప మూకుడొస్తుంది, చిల్లుల గరిటె వస్తుంది, రెండు లీటర్ల గానుగ నూనె కూడా వస్తుంది.