కదలని బీరుకి కమిషన్

టెక్సాస్‌లో ఒక రకం బీరు ఉంది. పుట్టిన ట్యాంకులోంచి గోడ అవతలి కౌంటరు దాకా గొట్టంలో వస్తుంది. లారీ ఎక్కదు, గోడౌన్ చూడదు, గుమ్మం దాటదు. అయినా గ్లాసులో పడాలంటే ముందు దాన్ని కాచినవాడు డిస్ట్రిబ్యూటరుకి అమ్మాలి. అమ్మిన బీరునే ఆయన దగ్గర మళ్లీ కొనుక్కోవాలి, ఆయన లాభం కూడా కలిపి. బీరు ఉన్నచోటే ఉంటుంది. తిరిగేది బిల్లు ఒక్కటే.

ఇది నా కల్పన కాదు, 2017లో అక్కడి శాసనసభ ఆమోదించిన చట్టం. ఏడాదికి 2,25,000 బారెళ్లు దాటి కాచే కంపెనీలకి, అంటే మన లెక్కలో రెండున్నర కోట్ల లీటర్ల పైమాట, వాటి అనుబంధ కంపెనీలన్నిటినీ కలిపి లెక్కేసి ఈ నియమం పెట్టారు. చిన్నవాళ్లకి మినహాయింపు ఉంది. బడా కంపెనీలు చిన్న బ్రూవరీలని కొనేసి, ఊరూరా ట్యాప్‌రూంలు తెరిచి కూర్చుంటాయేమోనని భయమట. భయం నిజమే అనుకుందాం. ఆ భయానికి మందు డిస్ట్రిబ్యూటరు జేబులోనే ఎందుకుందో మాత్రం అర్థం కాదు. మొగుడూ పెళ్లాలు ముప్పయ్యేళ్లుగా ఒకే ఇంట్లో కాపురం చేస్తుంటే, పెళ్లిళ్ల పేరయ్య ప్రతి నెలా ఒకటో తారీఖున అరుగు మీద దిగి, సంబంధం కుదిర్చిన కమిషన్ అడిగినట్టుంది.

ట్యాప్‌రూం అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. బీరు కాచే షెడ్డులోనే నాలుగు బల్లలేసి, కాచినవాడే గ్లాసుల్లో పోసి అమ్మే చోటు. సరుకు తాజా, మధ్యలో మనిషి లేడు, కాబట్టి గ్లాసుకి మిగిలేది ఎక్కువ. చిన్న బ్రూవరీలకి తిండి పెట్టేది ఈ బల్లలే. మధ్యలో మనిషి లేకపోవడమే అమెరికా చట్టానికి నచ్చని సంగతి.

ఎందుకు నచ్చదంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1920కి ముందు అక్కడి సారా కొట్లు, అదే సెలూన్లు, చాలావరకు బీరు కంపెనీల గుప్పిట్లో ఉండేవి. కంపెనీ అప్పిస్తుంది, సామాను పెడుతుంది, తన బీరే అమ్మాలంటుంది, ఇంకా ఇంకా అమ్మమంటుంది. కూలీవాడి జీతం శనివారం రాత్రికే ఆ కొట్లో తేలిపోయేది. 1873 చలికాలంలో ఒహాయోలో ఆడవాళ్లు ఆ సెలూన్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థనలు చేశారు. ఆ ఉద్యమం పెరిగి పెరిగి 1920లో దేశమంతా మద్యనిషేధమైంది. దొంగసారా, తుపాకుల ముఠాలు, లంచాల పోలీసులు అన్నీ చూశాక 1933 డిసెంబరు 5న దాన్ని ఎత్తేశారు. ఎత్తేస్తూ, పాత సెలూను రోజులు మళ్లీ రాకూడదని చాలా రాష్ట్రాలు మూడంచెలు కట్టాయి. కాచేవాడు వేరు, పంచేవాడు వేరు, పోసేవాడు వేరు. ఒకడి వ్యాపారంలో ఇంకొకడు వేలు పెట్టకూడదు.

ఆలోచన చెడ్డదేం కాదు. తాగేవాడి మీద కంపెనీ స్వారీ చెయ్యకుండా మధ్యలో ఒక కాపలాదారుణ్ణి నిలబెట్టారు. తొంభై ఏళ్లు గడిచేసరికి కాపలాదారుడు గేటు తన పేర రాయించుకున్నాడు. ఎన్నికలప్పుడు అభ్యర్థులకి విరాళాలిచ్చే స్థోమత వచ్చింది. ఇప్పుడు ఆ మూడంచెల్లో ఎవరి బెత్తెడు జాగా కదిలించబోయినా ‘ప్రజారోగ్యం, ప్రజారోగ్యం’ అని ముందుగా గుండెలు బాదుకునేది మధ్య అంచెవాడే.

1970ల చివర అమెరికా మొత్తంమీద బీరు కంపెనీలు వందకి లోపే. 1978లో కార్టరు సంతకంతో ఇంట్లో బీరు కాచుకోవడం చట్టబద్ధమైంది. గ్యారేజీలో కాచినవాళ్లలో కొందరు తర్వాత షెడ్లు కట్టారు. ఇవాళ ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. వందమందికి సరిపోయిన రూల్సు తొమ్మిది వేల మందికి పట్టవు కదా. చట్టాన్ని మార్చడం కష్టం, అందుకని దాని చుట్టూ ప్రదక్షిణలు మొదలయ్యాయి.

ప్రదక్షిణల్లో జార్జియాది మొదటి బహుమతి. అట్లాంటా చుట్టూ ఆల్ఫరెటా, కమింగ్ లాంటి ఊళ్లలో మనవాళ్లు గుళ్లు కట్టి, బతుకమ్మలు ఆడే రాష్ట్రమే. అక్కడ 2017 ఆగస్టు దాకా బ్రూవరీ తన బీరుని తన గుమ్మంలో నేరుగా అమ్మకూడదు. ‘టూరు’ మాత్రం అమ్మొచ్చు. 2015లో చేసిన చట్టం ప్రకారం టూరు టికెట్టు కొన్న పుణ్యాత్ముడికి లోపల 36 ఔన్సుల దాకా ఉచితంగా రుచి చూపించొచ్చు. వెళ్లేటప్పుడు 72 ఔన్సులు, అంటే రెండు లీటర్ల పైచిలుకు, ‘జ్ఞాపిక’గా చేతిలో పెట్టొచ్చు. సన్మాన సభల్లో శాలువా, జ్ఞాపిక అందుకుని అటక మీద పడేసే మనకి ఇలాంటి జ్ఞాపికల సంగతి ఎవరూ చెప్పలేదు! కాస్త ఖరీదైన బీరు ఇచ్చే టూరుకి కాస్త ఎక్కువ టికెట్టు పెట్టారు బ్రూవరీలవాళ్లు. అక్కడి రెవెన్యూ శాఖకి కోపమొచ్చింది. బీరుని బట్టి టూరు ధర మారితే అది టూరు కాదు, అమ్మకమే అంది. మహా గొప్ప పరిశోధన. కొన్నాళ్లకి ఆ మాట వెనక్కి తీసుకుంది. 2017 సెప్టెంబరు 1 నుంచి ఏడాదికి 3,000 బారెళ్ల దాకా నేరుగా అమ్ముకోమన్నారు. ఆ రోజుతో గోడలు, గొట్టాలు చూసేవాళ్లు తగ్గిపోయి ఉంటారు.

టెక్సాస్ మరీ పౌరుషం గల నేల. పొడుగు తుపాకీ భుజాన వేసుకుని వీధిలో నడవొచ్చు. బ్రూవరీలోంచి నాలుగు బీరు డబ్బాలు చంకలో పెట్టుకుని బయటికి రావడం మాత్రం 2019 దాకా నేరం. ఆ ఏడు సెప్టెంబరులో దయతలిచి, మనిషికి రోజుకి 288 ఔన్సులు, అంటే ఒక కేసు, పట్టుకెళ్లనిచ్చారు. అమెరికాలో ఆ పని చేసిన ఆఖరి రాష్ట్రం అదే. ఇంకో ముచ్చట. 2013 నుంచి అక్కడ బ్రూవరీ తన బీరుని ఫలానా ప్రాంతంలో పంచే హక్కుని డిస్ట్రిబ్యూటరుకి ఊరికే ఇచ్చెయ్యాలి, పైసా తీసుకోకూడదు. అదే హక్కుని ఆ డిస్ట్రిబ్యూటరు ఇంకో డిస్ట్రిబ్యూటరుకి ఎంతకైనా అమ్ముకోవచ్చు. కన్నవాడికి కట్నం నిషేధం, మధ్యవర్తికి అనుమతి! మూడు బ్రూవరీలు కోర్టుకెక్కాయి. కింది కోర్టులో గెలిచాయి, పై కోర్టులో ఓడాయి. డాలస్, ఆస్టిన్‌లలో సాఫ్ట్‌వేరు జీతాల మీద ఈ బీరు తాగే మన కుర్రాళ్లకి గ్లాసు ధరలో ఇంత పురాణం ఉందని తెలుసో లేదో.

న్యూజెర్సీలో తెలిసింది. ఎడిసన్‌లో ఉండే మా మేనల్లుడు ఆ మధ్య ఫోన్లో వాపోయాడు. “మావయ్యా, వీకెండ్ కదా అని బ్రూవరీకి వెళ్లాం. కూర్చోగానే పొయ్యలేదు. ముందు టూరు చెయ్యాలట, చట్టమట. ఇది బార్లీ, ఇది ట్యాంకు, ఇది వాల్వు అని చూపించాడు. ఇంజనీరింగ్‌లో ఎగ్గొట్టిన ఇండస్ట్రియల్ విజిట్ ఇన్నేళ్లకి పూర్తయింది.”

“మరి నంజుకోవడానికేమన్నా పెట్టాడా?”

“తిండి అమ్మకూడదు మావయ్యా. గుమ్మం ముందుకి ఫుడ్‌ట్రక్కుని పిలిపించడం కూడా తప్పేనట.”

వాడు అబద్ధమాడలేదు. అక్కడ 2012లో ట్యాప్‌రూం అమ్మకాలకి తలుపు తీసిన చట్టమే టూరుని తోకలా తగిలించింది. 2022 జులై నుంచి ఇంకా షరతులు బిగించారు. ఏడాదికి ఇరవై అయిదే కార్యక్రమాలు. పాటల కచేరీ అయినా, క్విజ్ అయినా, ఆఖరికి యోగా క్లాసయినా లెక్కలోకే. బీరు షెడ్డులో యోగా ఏమిటని అడక్కండి, ఆ ఆసనాలు వేరే ఉంటాయి. ఈ రూల్సన్నీ తాగుబోతుల్ని తగ్గించడానికి కాదు. అక్కడ బారు లైసెన్సులు మూడువేల జనాభాకి ఒకటే. లక్షల డాలర్లు పోసి ఆ లైసెన్సు కొనుక్కున్న రెస్టారెంటువాడు, పక్క షెడ్డువాడు చవగ్గా కొట్టు తెరిస్తే ఊరుకోడు. వాడి బాధలోనూ న్యాయముంది. అందుకే వాడి పెట్టుబడిని కాపాడ్డానికి మా మేనల్లుడు వాల్వుల పాఠం విన్నాడు. 2024 జనవరిలో గవర్నరు సంతకంతో టూరు తప్పింది, కార్యక్రమాల పరిమితి పోయింది, ఫుడ్‌ట్రక్కుతో స్నేహం నేరం కాకుండా పోయింది.

ఇంతసేపూ అమెరికావాళ్లని చూసి నవ్వాం. వాళ్లు మూడంచెలు కట్టి మధ్య అంచెని దళారికి ఇచ్చారు. మన ప్రభుత్వాలు తెలివైనవి. దళారి ఎందుకు, మేమే ఉంటాం కదా అన్నాయి. 1986లో ఉమ్మడి రాష్ట్రంలో బెవరేజెస్ కార్పొరేషన్ పుట్టింది. రాష్ట్రం రెండయ్యాక కార్పొరేషనూ రెండయింది. కంపెనీ బీరు తయారుచేసి సర్కారు డిపోకి పంపాలి, దుకాణంవాడు సర్కారు డిపోలోనే కొనాలి. కంపెనీకి ఎంతివ్వాలో సర్కారే చెబుతుంది, మనం ఎంత కట్టాలో కూడా సర్కారే చెబుతుంది. ఈ వ్యవహారమంతా నడిపే శాఖ పేరు ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్. నిషేధమూ వాళ్లదే, వసూలూ వాళ్లదే.

2025 జనవరిలో కింగ్‌ఫిషర్ కంపెనీ అలిగింది. 2019-20 నుంచి ధర పెంచలేదు, పాత బాకీలు తీర్చలేదు, తెలంగాణకి బీరు పంపం పొమ్మంది. రైతుబంధు ఆగినా, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగినా కదలని చర్చ రెండు రోజుల్లో రాష్ట్రమంతా కదిలింది. 20వ తేదీకల్లా సరఫరా మొదలైంది. ఫిబ్రవరి 11 నుంచి బీరు ధర 15 శాతం పెంచారు. అలిగింది కంపెనీ, పెంచింది సర్కారు, కట్టింది మనం.

దుకాణాల సంగతి ఇంకా రసవత్తరం. 2023లో తెలంగాణలో 2,620 వైన్ షాపులకి లాటరీ తీస్తే లక్షా 30 వేల పైచిలుకు దరఖాస్తులొచ్చాయి. దరఖాస్తుకి రెండు లక్షలు, షాపు రాకపోతే డబ్బు తిరిగి రాదు. చుక్క మందు అమ్మకుండానే ఖజానాలో 2,600 కోట్లు! మందుకన్నా ఆశ మీద లాభమెక్కువని కనిపెట్టిన ఘనత మనదే. ఆంధ్రప్రదేశ్ అటునుంచి ఇటు వచ్చింది. 2019లో షాపులు కూడా సర్కారే పెట్టుకుంది. అడిగిన బ్రాండు ఉండేది కాదు, బూమ్ బూమ్ లాంటి విననివన్నీ ఉండేవి. 2024 అక్టోబరులో ప్రైవేటువాళ్లకి 3,396 షాపులిస్తే దాదాపు 90 వేల దరఖాస్తులు. క్వార్టరు 99 రూపాయలకే అన్నారు. నిత్యావసరాల జాబితాలో ఇంకా చేర్చలేదంతే.

ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించని మనిషి ఒకరున్నారు, తాగేవాడి ఇల్లాలు. ఒహాయో ఆడవాళ్ల లాంటివాళ్లే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్టు మూయించారు. ఆ నిప్పుకే 1993లో సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానా బోసిపోయిందని అదీ పోయింది. ఆ అక్కలు అడిగింది జీతం ఇంటికి రావాలని. వాళ్లకి దక్కింది బెల్టుషాపు. టెక్సాస్ డిస్ట్రిబ్యూటరైనా, మన డిపో అయినా ఆవిడ పేరు చెప్పే గేటు దగ్గర కూర్చున్నారు. ఆవిడ మొగుడు తాగే గ్లాసుల్లో ఒక్కటి తగ్గించినట్టు ఏ రిజిస్టరులోనూ లేదు.

ఇక మన ట్యాప్‌రూంల మాట. తెలంగాణలో మైక్రోబ్రూవరీల నిబంధనలు 2015లో వచ్చాయి. జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా రాగి ట్యాంకులు మెరిశాయి. డిపోకి పంపి తెచ్చుకునే పని లేదు, అక్కడే కాచి అక్కడే పొయ్యొచ్చు. ఆ మాటకొస్తే చెట్టుకి లైసెన్సు తీసుకుని చెట్టు కిందే కల్లు పోసే గీత కార్మికుడు తరతరాలుగా చేస్తున్నది ఇదే, ఏసీ లేదంతే. ఆ నిబంధనల్లో ఒక షరతు ఉంది: కాచిన బీరు ఆ ప్రాంగణంలోనే తాగాలి, సీసాలో పోసి ఇంటికి పంపకూడదు. అంటే కడుపులో తప్ప మరే పాత్రలోనూ బీరు గేటు దాటకూడదు. ఆ గేటు దాటి రెండు మలుపులు తిరిగితే ట్రాఫిక్ పోలీసు గొట్టం పట్టుకుని నిలబడి ఉంటాడు. ఇంట్లో కూర్చుని తాగుతానన్నవాణ్ణి బయట తాగమని పంపింది ఒక శాఖ, బయట తాగొచ్చినవాణ్ణి పట్టుకునేది ఇంకో శాఖ.

వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే కేసు. ఒక పెద్ద గ్లాసుకే దాటొచ్చు. బండి ఇంట్లో పెట్టి ఆటోలో వెళ్లండి.