నెంబర్లు కలిశాయా, అబ్బయా?

పాత తుపాకీల బేరం నేర్పే రీల్సు పుణ్యమా అని కోట బస్టాండు టీ బంకుల దగ్గర కూడా త్రీ నాట్ త్రీ రైఫిలు నిపుణులు తయారయ్యారు. నెల్లూరు గొర్రెను బేరమాడేవాడు ముందు పళ్ళు చూస్తాడు. పాత మిలిటరీ రైఫిలు బేరమాడేవాడు గొట్టంలోకి లైటు వేసి మరలు చూడాలట. మెరిస్తే లేతదట. కర్రకు పగుళ్ళుండకూడదట. అమెరికాలో ఉన్న అన్న ఒకటి కొని వీడియో కాల్లో చూపించాడు. ఇక్కడ తమ్ముడు పాఠం మొదలుపెట్టాడు, గూడూరు దాటని తమ్ముడు.

అన్నిటికంటే పెద్ద పట్టింపు నెంబర్ల పొంతన. బోల్టు మీది నెంబరూ, బాడీ మీది నెంబరూ ఒకటే అయి తీరాలి. కలిస్తే ముప్పై ఆరు గుణాలూ కుదిరిన సంబంధంలా నిపుణుడి మొహం వెలిగిపోతుంది. కలవకపోతే ఎన్ని శాంతులు చేయించినా ఆ రైఫిలు ఇంటికి అచ్చిరాదు!

మూలం లేని నమ్మకమేం కాదు. త్రీ నాట్ త్రీ అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డు, దాని బోల్టును ఏ తుపాకీకి ఆ తుపాకీకే సరిచూసి బిగించేవారు. కానీ మరమ్మతు షెడ్డులో బోల్టు మారినప్పుడు పాత నెంబరు కొట్టేసి కొత్తది పొడవడమూ ఉండేది. జాతకం కలవలేదని జాతకమే తిరగరాశారన్నమాట. నిపుణుడు ఆ కొట్టివేతను చూడడు. అంకెలు చదువుతాడు, తలాడిస్తాడు, టీ తాగుతాడు.

నిజంగా చూడాల్సింది హెడ్ స్పేసు, అంటే మూసిన బోల్టుకూ తూటా అంచు ఆనే చోటుకూ మధ్య ఎడం. త్రీ నాట్ త్రీకి రెండు గేజులు పెట్టి చూస్తారు. 0.064 అంగుళాల దాని మీద బోల్టు మూసుకోవాలి, 0.074 దాని మీద మూసుకోకూడదు. తేడా పావు మిల్లీమీటరు. ఎడం అంతకు మించితే తూటా తొడుగు చిట్లి, వేడి గాలి కాల్చేవాడి మొహం మీదికే తన్నొచ్చు. రీల్సులో గేజు ఊసే లేదు, కర్రకు నూనె పట్టించడం మాత్రం మూడు భాగాలు.

ఇంతకీ కొనేదెక్కడ? త్రీ నాట్ త్రీ మన దేశంలో నిషిద్ధ బోరు. లైసెన్సున్న రైతుకు మామూలుగా దొరికేది .315 రైఫిలు. కేంద్రం అనుమతి లేకుండా నిషిద్ధ ఆయుధం ఇంట్లో పెట్టుకుంటే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఏడేళ్ళకు తగ్గకుండా పద్నాలుగేళ్ళ దాకా జైలు. ఈ ముక్క చెప్పకుండా పిల్లకాయలకు బేరం నేర్పేవాళ్ళను ఏమనాలి? రేపు ఎవడో దళారి "మిలిటరీ సరుకు" అని ఫోను చేస్తే అడ్వాన్సు కట్టేది ఈ పిల్లకాయలే. స్టేషన్ మెట్లెక్కేది వాళ్ళ నాన్నలు.

తనిఖీ మీద ఇంత శ్రద్ధ అవసరమైన చోట ఒక్కడూ లైటు వేయలేదు. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి సీఎస్‌టీ స్టేషన్లో ఉగ్రవాదుల ఏకే-47ల ముందు మన పోలీసుల్లో కొందరి చేతుల్లో ఉన్నవి ఈ త్రీ నాట్ త్రీలే. ఆ రాత్రే మరోచోట ఉగ్రవాది కసబ్‌ను పట్టుకున్న పోలీసు తుకారాం ఓంబ్లే చేతిలో అదీ లేదు, లాఠీ ఉంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి వీడ్కోలు పలకడానికి 2020 రిపబ్లిక్ డే కవాతు రావాల్సి వచ్చింది. ఆ కానిస్టేబుళ్ళను ఎవరైనా అడిగారా, నీకిచ్చిన తుపాకీ మరలు మెరుస్తున్నాయా నాయనా అని?

కోట నిపుణుడు జన్మలో పట్టుకున్న త్రీ నాట్ త్రీ ఒక్కటే, కాలేజీ ఎన్‌సీసీలో. పేలకుండా చేసి, కవాతుకు మాత్రమేనని డీపీ ముద్ర వేసిన రైఫిలు. దాని నెంబర్లు మాత్రం కలిశాయంటాడు.