సముద్రానికి వంతులు వేయండి

తెలంగాణ పాఠశాల విద్యాశాఖలో సెలవుల పట్టిక వేసే పెద్దలకు,

విషయం: హైదరాబాద్ జనాన్ని సూర్యలంక తీరానికి వంతులవారీగా పంపవలసిందిగా మనవి.

అయ్యా,

తమరు ఏటా విడుదల చేసే అకడమిక్ క్యాలెండర్ కేవలం చదువుకు సంబంధించిన కాగితమని తమరి నమ్మకం కావచ్చు. నిజానికి ఏ కుటుంబం ఏ రోజున నగరం దాటాలో, హైవే మీద ఎక్కడ ఆగిపోవాలో, రైల్లో ఎవరు నిలబడి పోవాలో తేల్చేది ఆ కాగితమే. రైల్వే బోర్డుకు కూడా అంత అధికారం లేదు. బాపట్ల పక్కనున్న సూర్యలంక మనకు మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు. సాయంత్రం బండెక్కితే తెల్లారకముందే బాపట్లలో దిగొచ్చు, అక్కణ్ణుంచి ఆటోలో తొమ్మిది కిలోమీటర్లు. కాబట్టి దూరం సమస్య కాదు. చిక్కల్లా, బయల్దేరడానికి వీలైన రోజులు నగరమంతటికీ ఒక్కటే కావడం, పైగా అవి సముద్రానికి అచ్చిరాని రోజులు కావడం.

2025 లెక్కే చూడండి. వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, 49 రోజులు. తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. తమరిచ్చిన సెలవులు ఒక్కరోజు కూడా మిగలకుండా ఆ నిషేధంలోనే ఇమిడిపోయాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక నిషేధం సబబే. కానీ అంత దూరం పోయి, అలల ముందు కూర్చుని చెరువు రొయ్యలు తిని రావడం మాత్రం మన పిల్లల ప్రాప్తం. ఆ రోజుల్లో పొద్దెక్కాక ఇసుక మీద పాదం ఆనదు. పోనీ దసరాకు పోదామంటే, అది వాయుగుండాల కాలానికి గుమ్మం. మొంథా తుపాను 2025 అక్టోబర్ 28న నరసాపురం దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ దాటింది బాపట్ల దగ్గరే. డిసెంబర్ నెల సగం గడిచాక గానీ ఆకాశం తేటపడదు. అక్కణ్ణుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఎండ కూడా ఒంటికి హాయి. ఆ మంచి కాలంలో తమరు అందరికీ ఇచ్చే వరస సెలవులు సంక్రాంతివి మాత్రమే.

ఆ పండగ రోజుల వైభవం తమరికి తెలియనిది కాదు. 2024 నవంబర్ 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది. అంటే జనవరి 11న బండెక్కాలనుకున్నవాడు నవంబర్ 12 ఉదయం 8 గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. పిల్లల వయసులు నింపి, క్యాప్చా అక్షరాలు కొట్టి, డబ్బు కట్టేలోగా బెర్తులు వెయిటింగ్ లిస్టులోకి జారతాయి, ఆ తర్వాత అదీ ఉండదు, ‘రిగ్రెట్’ అని వస్తుంది. బాపట్ల మీదుగా పోయే నారాయణాద్రి తిరుపతి బండి, చార్మినార్ తమిళనాడు బండి. వాటిలో బీచ్‌కు పోయేవాడు ఎటూ ఆఖరి వరసవాడే. కారు తీద్దామంటే, విజయవాడ దారిన పోయినా, నార్కట్‌పల్లిలో అద్దంకి దారికి మళ్ళినా, ముందు పంతంగి టోల్‌గేటు దాటాల్సిందే. ఫాస్టాగ్‌తో గేటు క్షణాల్లో లేస్తుంది, ఆ గేటు దాకా చేరడమే ప్రయాణంలో పెద్ద మజిలీ. నాలుగు రోజుల రద్దీ కోసం రోడ్డు వెడల్పు చేయడం దండగ, ఫిబ్రవరిలో మామూలు మంగళవారం నాడు అదే రోడ్డు హాయిగా సాగుతుంది.

పరిష్కారం కొత్తదేం కాదు. ఫ్రాన్స్‌లో శీతాకాల, వసంత సెలవులకు దేశాన్ని మూడు మండలాలుగా విడదీసి, తేదీలు మార్చి ఇస్తారు. జర్మనీలో 16 రాష్ట్రాల వేసవి సెలవులూ ఒకేనాడు మొదలుకావు. తమరు 33 జిల్లాలను మూడు జట్లు చేసి, ఫిబ్రవరిలో జట్టుకో వారం చొప్పున నాలుగేసి రోజులు ఇప్పించండి. వాటిని వేసవి సెలవుల్లోంచే కోసుకోండి, ఇంకా 45 మిగులుతాయి. హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి మాత్రం వేర్వేరు జట్లలో పడాలి, లేకపోతే ఈ కసరత్తంతా వృథా.

ఫిబ్రవరి అంటే పరీక్షల ముందు కదా అంటారు. పదో తరగతిని మినహాయించండి, ఆరో తరగతివాడికి మార్చి గండమేం లేదు. ఏప్రిల్ ఎండలో నాలుగు రోజులు అదనంగా బడి నడపాలా అంటే, ఆ అభ్యంతరంలో బలముంది. కానీ అప్పటికే ఒంటిపూట బళ్ళు నడుస్తుంటాయి, కాబట్టి పిల్లలు భరించాల్సింది నాలుగు ఉదయాలు. అన్న పిల్లలకూ తమ్ముడి పిల్లలకూ సెలవులు వేర్వేరైతే కలిసి పోయేదెలా అని అడిగేవారికి సంక్రాంతి ఉండనే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. అన్నిటికన్నా గట్టి ప్రశ్న, బీచ్‌కు పోగల స్తోమత ఉన్న కొందరి కోసం అందరి పట్టికా మార్చాలా అన్నది. రద్దీ దెబ్బ తగిలేది స్తోమత లేనివాడికే. ఉన్నవాడు విమానమెక్కి విశాఖకో గోవాకో పోతాడు. లేనివాడు పండగ స్పెషల్ బస్సుకు ఒకటిన్నర రెట్లు కట్టి, ఊరికి పోయి అమ్మను చూసి వస్తాడు. బీచ్ జనాన్ని ఫిబ్రవరికి తప్పిస్తే, అతనికి మామూలు బస్సులో సీటు దొరికే ఆశ పెరుగుతుంది.

ఒక్క ఏడాది పరీక్షించి చూడమని మనవి. అదీ కుదరదంటే, వచ్చే పట్టికలో పంతంగి దగ్గర పిల్లలు గడిపే పూటను పనిదినంగా చూపించండి. హాజరు మాత్రం నూటికి నూరు శాతం ఉంటుంది.

ఇట్లు,
ఏ జట్టులో వేసినా సంతోషించే ఒక నగరవాసి